కారవాజ్జియో ‘ఎమ్మాయు భోజనం’: లండన్‌దా, మిలాన్‌దా?

ఏసు సిలువ మీద చనిపోయాక ఆయన శిష్యులిద్దరు ఎమ్మాయు అనే ఊరికి వెళ్తారు. దారిలో కలిసిన బాటసారి భోజనాల దగ్గర రొట్టె పట్టుకోగానే, ఆయన తిరిగి లేచిన ఏసేనని ఇద్దరికీ తెలిసిపోతుంది. లూకా సువార్త 24వ అధ్యాయంలోని ఈ ఘట్టాన్ని ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో 1601లో ఒకసారి, 1606లో మరోసారి గీశాడు. మొదటిది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, రెండోది మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో. రెండూ 141 సెంటీమీటర్ల ఎత్తే. వెడల్పు మాత్రం లండన్‌దానికి 196, మిలాన్‌దానికి 175. నకలు గీసి నేర్చుకోవడానికి రెండింటిలో ఏది మేలు?

చూడగానే కట్టిపడేసేది లండన్‌దే. పళ్లబుట్ట బల్ల అంచు దాటి ముందుకొచ్చింది, ఎక్కడ పడిపోతుందోనని మన చెయ్యి లేస్తుంది. ఎడమవైపు శిష్యుడు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. మోచేతి దగ్గర చొక్కా చిరిగి లోపలి తెల్లబట్ట కనిపిస్తోంది. కుడివైపాయన రెండు చేతులూ బార్లా చాచాడు. లెక్క తప్పింది అక్కడే: దూరంగా ఉన్న చెయ్యి దగ్గరి చెయ్యికి ఏమాత్రం తీసిపోనంత పెద్దది. బెల్లోరి అనే 17వ శతాబ్దపు విమర్శకుడు ఇంకో తప్పు పట్టాడు. వసంతంలో వచ్చే ఈస్టర్ నాటి కథలో, ఆ కాలంలో కాయని ద్రాక్ష, అంజూర, దానిమ్మ ఎలా వచ్చాయన్నది ఆయన ప్రశ్న. ఏసు పక్కన నిలబడ్డ పూటకూళ్లవాడు తలమీది టోపీ తీయకపోవడమూ ఆయనకు నచ్చలేదు. (వాడికి వచ్చినదెవరో తెలిస్తే కదా!)

మిలాన్ బల్లమీద పళ్లు లేవు. రొట్టె, కూజా, ఒకట్రెండు పాత్రలు, అంతే. పూటకూళ్లవాడి పక్కన ముడతలు పడ్డ ముసలామె ఒకామె చేరింది. 1606 మేలో రోమ్‌లో ఒకణ్ని చంపి పారిపోయాక, కొలొన్నా అనే ప్రభువంశం వారి ఎస్టేట్లలో తలదాచుకుంటూ గీశాడంటారు. ఏసు ముఖం సగం నీడలో ఉంది, చెయ్యి కాస్త పైకి లేచిందంతే. రంగు పలచన. నీడల్లో చాలాచోట్ల అడుగుపూతనే పనికి వాడుకున్నాడు.

నకలు గీసి నేర్చుకునేవారికి మిలాన్‌దే మేలు. తెల్ల కాన్వాసు మీద మొదలుపెట్టి నీడలన్నీ నల్లరంగుతో నింపడమే అందరూ చేసే పొరపాటు. నూనెరంగుల్లో ఐవరీ బ్లాక్ అనే నలుపు మందంగా వేస్తే ఆరడానికి రోజులు పడుతుంది, దానిమీద త్వరగా ఆరే రంగు వేస్తే పగుళ్లిస్తుంది. ముందు ముదురు గోధుమరంగు పూత వేసి బాగా ఆరనివ్వాలి. దానిమీద వెలుగు పడేచోట్లే, అంటే నుదురు, వేళ్లు, బల్లగుడ్డ, మందంగా లేపాలి. నీడలకు పలచని అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు) చాలు. తెలుపు కలిపితే నీడ సుద్దలా పాలిపోతుంది.

పళ్లు, గాజు, కాల్చిన కోడి మీద మెరుపు పట్టుకోవడం నేర్చుకోవాలంటే మాత్రం లండన్‌దాన్ని మించింది లేదు. బొమ్మ మొత్తం నకలు చేయనక్కర్లేదు, బుట్టా, బల్లమీద దాని నీడా గీస్తే చాలు. కుడివైపాయన చేతుల జోలికి మాత్రం పోవద్దు.