పదకొండు గెలుపులా, పది రెండో స్థానాలా?

2024 మోటోజీపీ (బైకు రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్) సీజన్ అయిపోయి చాన్నాళ్లయినా పర్లాకిమిడిలో మా వాదన ఇంకా తెగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రేసు కామెంటరీ ఇంగ్లీషులో విన్నవాళ్లం మేము. మెకానిక్ అన్న షెడ్డులో వాదించుకోవడం మాత్రం తెలుగులోనే. పాతపట్నం నుంచి వచ్చే మా బావది ఒకటే మాట: "పదకొండు రేసులు గెలిచినోడు ఓడిపోయి, మూడు గెలిచినోడు ఛాంపియనా? ఇదేం లెక్క?"

బావ మాటలో బలం లేదని ఎవరూ అనలేరు. ఆ ఏడాది జరిగిన 20 ఆదివారం రేసుల్లో ఫ్రాన్చెస్కో బన్యాయా, అదే మన పెక్కో, 11 గెలిచాడు. హోర్హే మార్టిన్ గెలిచినవి పోర్చుగల్, ఫ్రాన్స్, ఇండోనేషియా, అంతే. కానీ చివరికి మార్టిన్‌కి 508 పాయింట్లు, పెక్కోకి 498. ఆదివారం పోడియం, అంటే మొదటి మూడు స్థానాల మెట్టు, ఇద్దరూ ఎక్కింది చెరో 16 సార్లే. బండి కూడా ఒకటే, డుకాటీ జీపీ24. పెక్కో కంపెనీ సొంత టీములో, మార్టిన్ అదే కంపెనీ బండ్లతో నడిచే ప్రమాక్ అనే వేరే టీములో. ఇంతకన్నా సరిసమానమైన పోటీ నేను చూడలేదు.

పెక్కో అభిమానులు తప్పంతా శనివారం స్ప్రింట్ మీద వేస్తారు. స్ప్రింట్ అంటే ఆదివారం రేసులో దాదాపు సగం దూరం ఉండే పొట్టి రేసు. గెలిస్తే 12 పాయింట్లు, ఆదివారం గెలిస్తే 25. "అసలు రేసు ఆదివారమే, శనివారం టీవీ వాళ్ల కోసం పెట్టింది" అంటాడు బావ. ఒకరోజు కూర్చుని ప్రతి రేసు ఫలితం వేసి రెండు రోజుల పాయింట్లూ విడివిడిగా కూడి చూశాను. ఆదివారాల్లో పెక్కోకి 370, మార్టిన్‌కి 337. శనివారాల్లో మార్టిన్‌కి 171, పెక్కోకి 128. అంటే ఆదివారం పెక్కో 33 ముందు, శనివారం మార్టిన్ 43 ముందు. టైటిల్ తేల్చిన ఆ పది పాయింట్లూ అక్కడివే.

ఇంతవరకు బావ చెప్పిందే నిజమనిపిస్తుంది. కానీ స్ప్రింట్ గెలుపులు చూడండి: ఇద్దరికీ చెరో ఏడు! మార్టిన్ శనివారాల వీరుడేమీ కాదు. తేడా అంతా సున్నాల్లో ఉంది. శనివారం పెక్కో ఐదుసార్లు ఖాళీ చేతులతో వెళ్లాడు, మార్టిన్ రెండుసార్లు. ఆదివారం కూడా పెక్కోకి మూడు సున్నాలు, మార్టిన్‌కి రెండు. మొత్తం ఎనిమిదికి నాలుగు. "పదకొండు సెంచరీలు కొట్టి ఎనిమిది డకౌట్లు అయితే సిరీస్ ఎలా వస్తాదిరా?" అన్నది మెకానిక్ అన్న మాట. అది నాకు బాగా పట్టేసింది.

అన్నీ పెక్కో తప్పులే అనను. పోర్చుగల్‌లో మార్క్ మార్కెజ్‌తో, అరగాన్‌లో అలెక్స్ మార్కెజ్‌తో తగులుకుని పడ్డాడు. హెరెస్ స్ప్రింట్‌లో ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు. ల మాన్ స్ప్రింట్‌లో బండే సహకరించలేదు. వీటికి అతన్ని తిట్టడం అన్యాయం. కానీ బార్సిలోనా స్ప్రింట్, సిల్వర్‌స్టోన్ స్ప్రింట్, మిజానోలో జరిగిన రెండు ఆదివారం రేసుల్లో రెండోది, సెపాంగ్ స్ప్రింట్? ఈ నాలుగు చోట్లా ఎవరూ తోసెయ్యలేదు, తనే జారాడు.

ఎలా జారతాడో షెడ్డులో అన్న ఒక పాత ముందు టైరు పట్టుకుని చూపించాడు. టైరు నేల మీద నిలబెట్టి, పక్కకి వంచి, పైనుంచి అరచేత్తో నొక్కాడు. అంచున రెండు వేళ్ల వెడల్పు మాత్రమే నేలకి ఆనింది. "బండి వంగి ఉన్నప్పుడు పట్టు ఇదే. బ్రేకు ఇంకొంచెం ఎక్కువ నొక్కితే..." అని కాస్త తోశాడు, టైరు చటుక్కున లోపలికి మడుచుకుపోయింది. ఆర్.ఉదయగిరి వైపు ఘాట్ రోడ్డులో వానలో బండి నడిపినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

మార్టిన్ వైపు నేను నిలబడేది ఇక్కడే. ఆ ఏడాది ఆదివారాల్లో అతనికి పది రెండో స్థానాలు వచ్చాయి. వాటిని "సేఫ్‌గా నడిపాడు" అని తీసిపారేస్తారు. ముందు బండి వెనకాల అంటిపెట్టుకుని వెళ్లేవాడికి గాలి సరిగా తగలదు. ముందు టైరు వేడెక్కి, ప్రెషర్ పెరిగి, పట్టు తగ్గుతుంది. అలాంటి టైరుతో చివరిదాకా నిలబడి 20 పాయింట్లు ఇంటికి తేవడం గెలుపు కన్నా తక్కువ పనేం కాదు.

పిరికితనం అన్నవాళ్లు సెపాంగ్ ఆదివారం రేసు మళ్లీ చూడాలి. ముందురోజు స్ప్రింట్‌లో పెక్కో పడ్డాడు, మార్టిన్ గెలిచాడు, మార్టిన్ ఆధిక్యం 29 పాయింట్లకి పెరిగింది. ఆదివారం మార్టిన్ పెక్కో వెనకే ఉండిపోయినా చాలు. అయినా మొదటి ల్యాపుల్లో పెక్కోతో మలుపు మలుపుకీ కొట్టుకున్నాడు. ఒకరు దూరితే వెంటనే రెండోవాడు తిరిగి దూరడం, చూసేవాళ్లకి ఊపిరి ఆడలేదు. తర్వాతే రెండో స్థానంలో కుదురుకున్నాడు.

పైగా జూన్‌లోనే డుకాటీ తన సొంత టీములో వచ్చే ఏడాది సీటు మార్టిన్‌ని కాదని మార్క్ మార్కెజ్‌కి ఇచ్చేసింది. మార్టిన్ అప్రిలియా అనే ఇంకో బైకు కంపెనీకి సంతకం చేశాడు. వచ్చే ఏడాది వదిలిపోయే బండి మీద, కంపెనీ ముద్దుబిడ్డ మీద గెలవడం చిన్న సంగతి కాదు.

రూల్ అన్యాయం అన్న వాదన అసలు నిలవదు. స్ప్రింట్లు 2023లోనే మొదలయ్యాయి. ఆ ఏడాది మార్టిన్ తొమ్మిది స్ప్రింట్లు గెలిచినా ఛాంపియన్ అయింది పెక్కోనే. అతనికి 467, మార్టిన్‌కి 428. అప్పుడు శనివారాల గురించి మా బావ నోరెత్తలేదు.

ఇక మిగిలింది "ఒకవేళ" వాదన. మే నెల బార్సిలోనా స్ప్రింట్‌లో పెక్కో చివరి ల్యాపులో ముందున్నాడు, ఐదో మలుపులో పడ్డాడు. మర్నాడు అదే మలుపులో మార్టిన్‌ని దాటి గెలిచాడు. అలాంటి గుండె అతనిది, దానికి దండం పెడతాను. శనివారం పడకుండా ఉంటే అతనికి 12 పెరిగేవి, నాలుగో స్థానంలో వచ్చిన మార్టిన్‌కి ఒకటి తగ్గేది. మొత్తం 13. టైటిల్ పెక్కోదే, బావ లెక్క కరెక్టే.

అయితే రెండో "ఒకవేళ" కూడా వెయ్యాలి కదా. జర్మనీలో, సాక్సెన్‌రింగ్‌లో, ఇంకో రెండు ల్యాపుల్లో రేసు అయిపోతుందనగా ముందున్న మార్టిన్ మొదటి మలుపులో జారాడు. వెనకే ఉన్న పెక్కో గెలిచాడు. మార్టిన్ నిలబడి ఉంటే అతనికి 25 వచ్చేవి, పెక్కోకి ఐదు తగ్గేవి, మొత్తం 30. రెండు ఒకవేళలూ కలిపి వేస్తే మార్టిన్ ఆధిక్యం పది నుంచి 27కి పెరుగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి బావకి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.