అంబాసిడర్‌కు ఫ్లైవీలు కొనేవారికి హెచ్చరిక: నల్లరంగు కింద ఏముందో చూడకుండా డబ్బు ఇవ్వకండి

పాత అంబాసిడర్లు నడుపుతున్నవారందరికీ ఈ సంగతి ఆలస్యం లేకుండా చేరాలని రాస్తున్నాను. ఫ్లైవీలు అంటే ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రం. దాని అంచున ఉండే పళ్ల వలయమే రింగు గేరు, సెల్ఫ్ మోటారు దాన్ని పట్టుకునే ఇంజనును తిప్పుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల సామాను కోసం మనలో చాలామంది వెళ్లే ఒక దుకాణంలో, కొత్త రింగు గేరు ఎక్కించిన ఫ్లైవీలు అని చెప్పి, అరిగిపోయిన పళ్ల మీద వెల్డింగు పోసి, ఆకురాయితో ఆకారం తీసి, పైన నల్లరంగు పూసిన సరుకును నాకు అంటగట్టారు. పేరు రాయడం లేదు. అక్కడ కొన్నవారికి అది ఏ దుకాణమో ఈపాటికే అర్థమై ఉంటుంది.

మాది 1978 నాటి మార్క్ 3, 1489 సీసీ పెట్రోలు ఇంజను, నాన్నగారు కొన్న బండి. కొంతకాలంగా సెల్ఫ్ కొడితే ఒకసారి మామూలుగా అందుకునేది, ఇంకోసారి గరగరమని పళ్లు రాసుకునేవి. ముందు కరెంటు వైపు అంతా చూశాం. బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 10 కంటే కిందికి పోలేదు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీయే కరెంటుకు తిరుగు దారి, అందుకని దాని రెండు కొసలూ గీకి శుభ్రం చేసి బిగించాం. బెండిక్స్‌ను, అంటే సెల్ఫ్ మోటారు షాఫ్టు మీద పినియను (రింగును పట్టుకునే చిన్న పళ్లచక్రం) జారే మర భాగాన్ని, పెట్రోలుతో కడిగి ఆరబెట్టాం. దానికి నూనె పెట్టకూడదు, నూనెకు క్లచ్ దుమ్ము అంటుకుంటే పినియను మర మీద జారడం మానేస్తుంది. ఇన్ని చేసినా గరగర పోలేదు. చివరికి సెల్ఫ్ మోటారు దించి, ఆ ఖాళీలోంచి టార్చిలైటు వేసి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పిస్తూ చూస్తే రింగు గేరు మీద ఎదురెదురుగా రెండు చోట్ల పళ్లు సగానికి సగం అరిగి కనిపించాయి.

అది నాలుగు సిలిండర్ల ఇంజన్లలో తరచుగా కనిపించే అరుగుదలే. ఆపినప్పుడు కంప్రెషన్ ఎదురుతిరగడం వల్ల ఇంజను దాదాపు ఎప్పుడూ అర చుట్టు దూరంలో ఉన్న రెండు స్థానాలలో ఏదో ఒకదాని దగ్గరే ఆగుతుంది. మా బండిలో ఉన్న పాతరకం సెల్ఫ్‌లో పినియను మోటారు తిరిగిన ఊపుకే మర మీద ముందుకు దూకి రింగును పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బ అవే పళ్ల మీద పడుతుంది. దీనికి మందు రింగు మార్చడమే. పాత రింగును తీసేసి, కొత్తదాన్ని చుట్టూ సమానంగా 200 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, వ్యాకోచించిన ఆ కాసేపట్లో ఫ్లైవీలు మీద కూర్చోబెడితే, చల్లారాక అదే బిగుసుకుంటుంది. పని తెలిసిన లేత్ షాపులో ఇది పెద్ద విషయం కాదు. అయితే గేర్ బాక్సు దించనిదే ఫ్లైవీలు బయటికి రాదు కాబట్టి, ఒకే దింపుడులో పని ముగుస్తుందని రింగు ఎక్కించి సిద్ధంగా ఉన్న ఫ్లైవీలు ఇస్తామన్న ఆ దుకాణంవారి మాటకు ఒప్పుకున్నాను. గోనెపట్టాలో చుట్టి, చిక్కటి గ్రీజు పట్టించి ఇచ్చారు. తుడిచి చూపించమని అడిగితే, "గ్రీజు పోతే తుప్పు పట్టేస్తుందండీ, బిగించేటప్పుడు మీ మేస్త్రీయే తుడుచుకుంటాడు, సరుకుకు నాది పూచీ" అన్నారు. 9,000 రూపాయలు తీసుకుని తెల్లకాగితం మీద రసీదు రాశారు. మేస్త్రీ గ్రీజు తుడిచాడు, కింద నున్నగా, నల్లగా కొత్తదానిలాగే ఉంది, బిగించేశాడు.

కొద్దిరోజులు బాగానే నడిచింది. తర్వాత బెంజి సర్కిల్ దగ్గర ఇంజను ఆగిపోయి సెల్ఫ్ కొడితే ఠక్కుమని ఒక్క చప్పుడు చేసి పినియను ఇరుక్కుపోయింది. వెనుక బస్సులు హారన్లు మోగిస్తుండగా, బానెట్ ఎత్తి, సెల్ఫ్ మోటారు చివరి మూత తీసి, చదరంగా ఉండే షాఫ్టు కొసకు స్పానరు వేసి తిప్పి విడిపించాను. మళ్లీ సెల్ఫ్ కొట్టగానే లోపల ఏదో విరిగి దొర్లిన చప్పుడు వినిపించింది. బండిని తాడు కట్టి షెడ్డుకు లాగించుకోవలసి వచ్చింది.

గేర్ బాక్సు దించాక, ఫ్లైవీలును కప్పి ఉంచే బెల్ హౌసింగు అడుగున రెండు పళ్ల ముక్కలు దొరికాయి. పెట్రోలులో ముంచిన గుడ్డతో రింగును గట్టిగా రుద్దుతుంటే రంగు పొరలుగా ఊడివచ్చింది. దాని కింద వెల్డింగు బొట్లు, వాటి మీద అడ్డదిడ్డంగా ఆకురాయి గీతలు, ఒక పన్ను లావు, పక్కది సన్నం. విరిగిన చోట లోపలి ఇనుము గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. వెల్డింగు వేడికి గట్టి ఉక్కు తన గుణం కోల్పోయి, అతుకు పక్కన పెళుసుబారుతుంది. అలాంటి పన్ను సెల్ఫ్ దెబ్బకు ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ అతుకులు కూడా సరిగ్గా ఎదురెదురుగా రెండు చోట్లే ఉన్నాయి. అంటే ఎవరి బండిలోనో మా బండి రింగులాగే అరిగి తీసిపారేసిన రింగునే నాకు కొత్తదని అమ్మారు. దానితో నా మంచి సెల్ఫ్ మోటారు పినియను కూడా పళ్లు విరిగి పనికిరాకుండా పోయింది.

ఆ ఫ్లైవీలును, పళ్ల ముక్కలను పట్టుకుని దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ముక్కలను చేతిలోకి కూడా తీసుకోలేదు. "మీ మేస్త్రీ సుత్తితో కొట్టి ఉంటాడు" అన్నారు. పూచీ ఇచ్చారు కదండీ అంటే, పక్కనున్న కుర్రాడివైపు తిరిగి నవ్వి, "ఇనప సామాన్లవాడికి తూకానికి వేసే బండికి ఇంత గొడవ దేనికి సార్, ఓ కొత్త కారు కొనుక్కోండి" అన్నారు. డబ్బు పోయినందుకు బాధ ఉంది. కానీ నాన్నగారు ఉద్యోగం చేసినంతకాలం నడిపి, పోయే ముందు సంవత్సరం దాకా తన చేత్తో తుడుచుకున్న బండిని అంత మాట అన్నందుకు నా ఒళ్లు మండిపోయింది, ఇంకా చల్లారలేదు. ఈ బండ్లు 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయినవి. మనలాంటివారు సామాను కోసం వస్తారనే ధీమాతోనే ఆ దుకాణం నడుస్తోంది. మన అవసరం మీద బతుకుతూ మన బండిని తుక్కు అనడం ఎక్కడి న్యాయం?

ఆటోనగర్ అంతా ఇలాగే ఉంటుందని నేను అనను. ఇప్పుడు నా పాత ఫ్లైవీలుకే కొత్త రింగు ఎక్కిస్తున్నది కూడా అక్కడి లేత్ షాపువారే, రింగు వేడిచేసేటప్పుడు నన్ను దగ్గర నిలబెట్టుకుని మరీ చూపించారు.

కొనేవారు గ్రీజు, రంగు రెండూ అక్కడికక్కడే తుడిపించండి, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. పళ్లన్నీ ఒకే మందంలో ఉన్నాయో లేదో వేలితో తడుముతూ చుట్టూ చూడండి. మీ పినియనును వెంట తీసుకెళ్లి పళ్లలో పెట్టి సరిచూడండి. పక్కా బిల్లు అడగండి. నేను జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు. ఇదే దుకాణంలో ఇలాగే మోసపోయినవారు ఉంటే విరిగిన ముక్కలు పారేయకుండా, ఫొటోలు తీసి, రసీదుతో సహా దాచి ఉంచండి, నాకు తెలియజేయండి.