చెక్క పాలిష్‌కి రోటరీనా, డ్యూయల్ యాక్షనా? ఏళ్ల తరబడి రెండూ వాడాక

ముందే చెప్పేస్తా. లక్కరో పీయూనో (పాలీయురేథేన్ పూత) వేసి ఆరిన చెక్కకి మెరుపు తేవడానికి ఒకే మిషన్ కొనాలంటే డ్యూయల్ యాక్షన్ పాలిషరే కొనండి. నా దగ్గర రోటరీ కూడా ఉంది, దాని మీద నాకేం కోపం లేదు. కానీ అది ఎక్కువగా అలమరాలోనే ఉంటోంది.

తేడా అంతా వేడిలో ఉంది. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, పని త్వరగా అవుతుంది, వేడీ అంతే త్వరగా పుడుతుంది. కారు బాడీ అయితే పెయింటు కింద రేకు ఉంటుంది కాబట్టి ఆ వేడిని లాగేసుకుంటుంది. చెక్క అలా లాగదు. పుట్టిన వేడంతా పైపొరలోనే నిలిచిపోతుంది. లక్క పాలిష్, నైట్రోసెల్యులోజ్ లక్కర్ వేడికి మెత్తబడే రకాలు. మెత్తబడిన పొర మీద ప్యాడ్ తిరిగితే మెరుపు రాదు సరికదా, ఈడ్చినట్టు మరక పడుతుంది. రెండు భాగాలు కలిపి వేసే పీయూ కాస్త ఓర్చుకుంటుంది. ఏదైనా సరే, మధ్యమధ్యలో మిషన్ ఆపి అరచేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చురుక్కుమంటే వదిలేసి ఇంకో వైపు వెళ్లండి.

డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం ఆగి ఊగడమే మిగులుతుంది. కొత్తవాళ్లని కాపాడేది ఈ గుణమే. కాకపోతే తిరగడం ఆగిన ప్యాడ్ పెద్దగా పనిచెయ్యదు, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ప్యాడ్ వెనకాల ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకున్నా. గీత చుట్టూ తిరుగుతుంటే సరే, ఒకేచోట వణుకుతూ కనిపిస్తే చెయ్యి తేలిక చేస్తా. గేరుతో బలవంతంగా తిప్పే డ్యూయల్ యాక్షన్ రకాలూ ఉన్నాయి. వాటిలో నొక్కినా ప్యాడ్ ఆగదు, కొనేముందు ఏ రకమో చూసుకోండి.

పెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు గానీ నేను చూసేది కనిష్ఠ వేగం, సాఫ్ట్ స్టార్ట్ (మిషన్ మెల్లగా వేగం అందుకునే ఏర్పాటు). సాఫ్ట్ స్టార్ట్ లేకపోతే స్విచ్ నొక్కగానే ప్యాడ్‌కి రాసిన కాంపౌండ్ (మెరుపు తెచ్చే ముద్ద) చింది గోడ మీదా, మన ముఖం మీదా పడుతుంది. రోటరీయే కావాలనుకుంటే నిమిషానికి 600 చుట్ల దగ్గర మొదలయ్యేది తీసుకోండి. చెక్క మీద నేను 1,500 దాటను. డ్యూయల్ యాక్షన్‌లో ఊపు (ప్యాడ్ అటూ ఇటూ ఊగే దూరం) 8, 15, 21 మిల్లీమీటర్ల రకాలు దొరుకుతాయి. 21 పెద్ద టేబుల్ పైభాగానికి హాయి, సన్నటి చట్రాల మీద మహా చిరాకు. నేను ఎక్కువగా వాడేది 15, దానికి 125 మిల్లీమీటర్ల ప్లేటు. సాండర్‌కే (గరుకు కాగితంతో రుద్దే మిషన్) ఫోమ్ ప్యాడ్ తగిలిస్తే సరిపోదా అంటారు. చిన్న పెట్టెకి సరిపోతుంది. దాని ఊపు చిన్నది, వేగం మరీ ఎక్కువ, డయల్ బాగా తగ్గించి ఓపిగ్గా చెయ్యాలి. యాంగిల్ గ్రైండర్ మాత్రం వద్దు. మామూలు గ్రైండర్ 11,000 చుట్లు తిరుగుతుంది, దాని పని వేరు.

వాడగా వాడగా తెలిసే లోపాలూ ఉన్నాయి. డ్యూయల్ యాక్షన్‌తో ఎక్కువసేపు పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ప్యాడ్ నడిమధ్య వేడికి జిగురు వదిలి వెల్క్రో ఊడుతుంది, అందుకే రెండు మూడు ప్యాడ్లు మార్చి మార్చి వాడతా. వైరు భుజం మీంచి వేసుకోకపోతే అప్పుడే మెరిసిన అంచు మీద రాసుకుంటుంది.

ఏ మిషనైనా అంచులు, మూలలు చేత్తోనే. అక్కడ పొర పలచగా ఉంటుంది, ఒక్క క్షణంలో కింద చెక్క తేలుతుంది. 1,500, 2,000 నంబరు వాటర్ పేపర్ పని కూడా చేత్తోనే చేస్తా. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉండటం నాకు టెన్షన్. టేకులాంటి రంధ్రాల చెక్కకి ఫినిష్ రంధ్రాల్లోకంటా నిండకపోతే తెల్ల కాంపౌండ్ వాటిలో ఇరుక్కుని ఎండిపోతుంది. ముదురు రంగు కాంపౌండ్ వాడితే ఆ బాధ ఉండదు. కార్లకి వాడే పాలిష్ తెచ్చేట్టయితే సిలికాన్ లేనిదే తీసుకోండి. సిలికాన్ అంటుకున్న చెక్కకి మళ్లీ ఎప్పుడైనా లక్కర్ కొడితే చేపకళ్లలా గుంటలు పడతాయి.