గఢీ ఖుదా బఖ్ష్ దాకా: భుట్టో ఊళ్లలో ప్రయాణం

పాకిస్తాన్ మాజీ ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో పేరు చెప్పగానే మన దగ్గర చాలామందికి 1972 నాటి సిమ్లా ఫోటోలు గుర్తొస్తాయి, లేదంటే గడ్డి తినైనా సరే బాంబు చేసి తీరతామన్న మాట గుర్తొస్తుంది. సైనిక పాలనలో హత్య కేసు మీద ఉరి తీసి ఇన్నేళ్లయినా సింధ్ పల్లెల్లో జనం గఢీ ఖుదా బఖ్ష్‌లోని ఆయన సమాధికి దర్గాకి వెళ్లినట్టు ఎందుకు వెళ్తారన్నది నన్ను చాలాకాలంగా తొలిచిన ప్రశ్న. లండన్‌లో నాతో పనిచేసే సింధీ స్నేహితుడు ఊరికి వెళ్తూ రమ్మంటే వెంటనే ఒప్పుకున్నాను. కరాచీ నుంచి సింధు నది వెంబడి లర్కానా, సుక్కూర్, చివరికి రావల్పిండి. మనవాళ్లెవరైనా ఈ దారిలో వెళ్తే ఏది చూడాలి, ఎక్కడ దిగాలి అన్నది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. భారత పాస్‌పోర్టుతో మామూలు టూరిస్టుగా ఈ యాత్ర కుదరదు. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు, అయినా పుట్టింది నిజామాబాద్‌లో కాబట్టి పరిశీలన బాగా సాగింది. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు వీసా చేతికొచ్చాకే టికెట్లు కొనండి. తిరగబోయే ఊళ్ల పేర్లన్నీ దరఖాస్తులో రాయండి. కరాచీ దాటాక కార్డుల మీద ఆధారపడొద్దు, డబ్బు అక్కడే మార్చుకుని బయల్దేరాలి. ఉర్దూ వస్తే సగం టెన్షన్ తగ్గినట్టే. నా నిజామాబాద్ ఉర్దూ విని కరాచీ ఆటోవాళ్లు తెగ సంబరపడ్డారు.

కరాచీలో బస క్లిఫ్టన్ వైపు చూసుకోవడం మేలు. కొంచెం ఖరీదే గానీ సముద్రం, మోహట్టా ప్యాలెస్, రత్నేశ్వర్ మహాదేవ్ గుడి అన్నీ ఆ చుట్టుపక్కలే. మేం ఉన్న గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది, కరెంటు పోతే జనరేటర్ వెంటనే వచ్చింది, పొద్దున పరాఠా, ఆమ్లెట్ వేడివేడిగా పెట్టారు. భుట్టోల ఇల్లు 70 క్లిఫ్టన్ కూడా ఇక్కడే. అది ప్రైవేటు ఇల్లు కాబట్టి గోడ బయటి నుంచి చూడటమే. 1996 సెప్టెంబర్ 20న పెద్ద కొడుకు ముర్తజా పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఈ ఇంటికి దగ్గర్లోనే. అప్పుడు దేశానికి ప్రధాని ఆయన అక్క బేనజీర్. ఆ కుటుంబంలో చావుల లెక్క తెలిసినవాళ్లకు ఆ వీధిలో నడవడం కష్టంగానే ఉంటుంది.

కరాచీలో తెలంగాణవాళ్లు తప్పక చూడాల్సింది హైదరాబాద్ కాలనీ. 1948 తర్వాత నిజాం రాజ్యం నుంచి వెళ్లినవాళ్లు స్థిరపడ్డ చోటు. పచ్చళ్ల దుకాణాలకు ఆ కాలనీ ఊరంతా పేరు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్ అన్నీ దొరుకుతాయి. నేను తిన్న బగారా బైంగన్‌లో చింతపండు పులుపు మా ఇంట్లో వేసే మోతాదులోనే ఉంది. బర్న్స్ రోడ్ నిహారీ కూడా బాగుంది గానీ మసాలా, నూనె రెండూ ఎక్కువ. అక్కడికి రాత్రిపూట ఆకలితో వెళ్లాలి.

లర్కానాకి కారు, డ్రైవర్‌ని మాట్లాడుకుని ఇండస్ హైవే మీద బయల్దేరాం. రోజంతా పట్టే ప్రయాణం. జామ్‌షోరో, కోట్రి దగ్గర నది ఒడ్డు హోటళ్లలో పల్లా చేప తిన్నాం. పల్లా అంటే మన గోదావరి పులసే, జాతి ఒకటే. అది కూడా సముద్రం నుంచి నదికి ఎదురీదుతూ వస్తుంది. 1955లో కోట్రి బరాజ్ కట్టాక పైకి పోయే దారి మూసుకుపోయి బాగా తగ్గిపోయిందట. ధవళేశ్వరం దగ్గర పులస కోసం ఎదురుచూసేవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. అసలు సీజన్ వానాకాలం, మేం వెళ్లింది చలికాలం. ఐస్‌లో పెట్టిన చేప కాబట్టి మసాలా ఎంత బాగున్నా రుచి సగమే అనిపించింది.

దారిలో సెహ్వాన్‌లో లాల్ షాబాజ్ కలందర్ దర్గా దగ్గర ఆగండి. 2017 ఫిబ్రవరిలో ఇక్కడ ఆత్మాహుతి దాడి జరిగాక సోదాలు గట్టిగా చేస్తున్నారు, బ్యాగులు కారులోనే వదిలేయడం సులువు. భుట్టో కాలంలో ఇరాన్ షా ఇచ్చారని చెప్పే బంగారు తాపడం తలుపు చూపిస్తారు. సాయంత్రం నగారాల మీద ధమాల్ అనే సూఫీ నృత్యం మొదలైతే హిందువులు, ముస్లింలు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ ఊగిపోతారు. సింధ్‌లో నాయకుణ్ని జనం ఎలా కొలుస్తారో గఢీ ఖుదా బఖ్ష్‌కి ముందే ఇక్కడ కొంత తెలిసొచ్చింది.

లర్కానాలో బస మాత్రం ఇబ్బందే. ఫోన్‌లో సరేనన్న ఒక హోటల్, రాత్రి చేరేసరికి విదేశీయులకు పోలీసు అనుమతి కాగితం కావాలంది. ఇంకో చోట గది దొరికింది గానీ వేడినీళ్లు బకెట్‌తో తెప్పించుకోవాలి, అర్ధరాత్రి దాటాక జనరేటర్ ఆపేస్తారు. విదేశీయుల వెంట పోలీసు ఎస్కార్ట్ కూడా వస్తుంది. దానికి డబ్బేమీ తీసుకోరు, మర్యాదగానే ఉంటారు, కాకపోతే ఒక స్టేషన్ పరిధి దాటి ఇంకో పరిధిలోకి వెళ్లేటప్పుడు వాహనం మారేదాకా రోడ్డు పక్కన కూర్చోవాలి. ఆ ఊరి జామకాయలు మాత్రం అన్ని కష్టాలూ మరిపిస్తాయి. చలికాలమంతా బళ్ల మీద గుట్టలుగా పోసి అమ్ముతారు.

గఢీ ఖుదా బఖ్ష్‌కి పొద్దున్నే వెళ్లండి. లర్కానా నుంచి నౌడెరో వైపు పొలాల మధ్య పోతుంటే, చాలా దూరం నుంచే తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి. చుట్టూ వరి కోసేసిన మళ్లు, మట్టి ఇళ్లు, గేదెలు, వాటి మధ్య అంత పెద్ద సమాధి మందిరం. బేనజీర్ కట్టించడం మొదలుపెట్టింది. లోపల తండ్రి, ఆమె, ఇద్దరు తమ్ముళ్లు, తల్లి నుస్రత్. ఐదుగురిలో ముగ్గురిది హత్యో ఉరో. చిన్నతమ్ముడు షానవాజ్ 1985లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో అనుమానాస్పదంగా చనిపోయాడు. నుస్రత్ ఒక్కరే జబ్బుపడి, 2011లో దుబాయ్‌లో కన్నుమూశారు.

భుట్టో ఇక్కడి పెద్ద జమీందారీ కుటుంబంలో 1928లో పుట్టాడు. తండ్రి షా నవాజ్ 1947లో జునాగఢ్ దివాన్. బొంబాయిలో కెథడ్రల్ స్కూలు, తర్వాత బర్క్‌లీ, ఆక్స్‌ఫర్డ్. ముప్పై ఏళ్లకే మంత్రి, 1963లో విదేశాంగ మంత్రి. తాష్కెంట్ ఒప్పందం దగ్గర అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌తో తెగిపోయి, 1967 నవంబర్ 30న లాహోర్‌లో పీపుల్స్ పార్టీ పెట్టాడు. కూడు, గుడ్డ, గూడు ఇస్తానన్నాడు. ఇక్కడి కౌలు రైతుల్ని హారీలంటారు. వేల ఎకరాల దొర తమ మధ్య నిలబడి, భూమి మీద మీకు హక్కుందని అరిచి చెప్పడం వాళ్లు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. 1972 భూసంస్కరణలో నీటి వసతి ఉన్న భూమికి 150 ఎకరాల పరిమితి పెట్టాడు. పెద్ద పరిశ్రమల్ని, తర్వాత బ్యాంకుల్ని జాతీయం చేశాడు. 1973లో రాజ్యాంగం ఇచ్చాడు. పాకిస్తాన్ ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

సమాధి దగ్గర ఒక ముసలాయన మాతో చాలాసేపు మాట్లాడాడు. ఆయన తండ్రి హారీ. భుట్టో సాయీ రాకముందు దొర ఎదుట మంచం మీద కూర్చునే ధైర్యం లేదని, ఆ తర్వాత వచ్చిందని చెప్పాడు. భూమి దొరికిందా అని అడిగితే లేదన్నాడు. నా ప్రశ్నకు జవాబు నాకు ఆ రెండు మాటల్లో దొరికింది. భుట్టో వాళ్లని తలెత్తుకునేలా చేశాడు, అది ఈ జనం మరచిపోలేదు. భూమి మాత్రం దొరల దగ్గరే ఉండిపోయింది. 2022 ఆగస్టు వానలకు లర్కానా చుట్టుపక్కల ఎన్నో మట్టి ఇళ్లు కూలిపోయాయి. పాలరాతి మందిరం చూసి బయటికి రాగానే ఆ గోడలు కనిపిస్తే నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఈ సమాధి పేరుతో ఓట్లు అడిగిన పార్టీకి ఇది పెద్ద మచ్చ.

భుట్టోని దేవుణ్ని చేయడం నావల్ల కాదు. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ నాయకుడు ముజీబ్‌కి మెజారిటీ వచ్చినా 1971లో అధికారం ఇవ్వనివ్వలేదు. 1973లో బలూచిస్తాన్ ప్రభుత్వాన్ని తీసేసి సైన్యాన్ని దించాడు. 1974లో అహ్మదీలు ముస్లింలు కారని రాజ్యాంగంలో రాయించాడు. దాని ఫలితం వాళ్లు ఇప్పటికీ అనుభవిస్తున్నారు. అయినా ఆ సమాధి ముందు నిలబడి, 1979 ఏప్రిల్ 4న భార్యనీ కూతుర్నీ సిహాలాలో నిర్బంధంలో ఉంచి వాళ్లు లేకుండానే ఇక్కడ పాతిపెట్టారని తలుచుకుంటే గొంతు పట్టేసింది. లోపలికి టికెట్ లేదు, చెప్పులు బయట విడవాలి, ఆడవాళ్లు తల మీద కొంగు వేసుకోవాలి. గులాబీ రేకులు బయట అమ్ముతారు.

మొహెంజోదారో లర్కానా నుంచి గంట లోపే. దానికి సగం రోజు కేటాయించండి, గైడ్‌ని తీసుకోండి. 1922లో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్కడి స్నానవాటిక పుస్తకాల్లో చూసిన దానికంటే లోతుగా, నిజమైన నీటి తొట్టిలా ఉంది. ఉప్పు తిన్న ఇటుకలు పొడి రాలుతున్నాయి. నీడ అసలు లేదు. 2024 మేలో ఇక్కడ ఎండ 52 డిగ్రీలు దాటింది, కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే రావాలి.

నా సలహా, లర్కానాలో రాత్రి ఉండకండి. సుక్కూర్‌లో బస పెట్టుకుని పొద్దున బయల్దేరితే గఢీ ఖుదా బఖ్ష్, మొహెంజోదారో రెండూ చూసి చీకటి పడే వేళకు తిరిగి రావొచ్చు. సుక్కూర్ హోటళ్లు నయం, విదేశీయుల కాగితాలు వాళ్లకు అలవాటే. 66 గేట్ల బరాజ్, 1889 నాటి లాన్స్‌డౌన్ ఇనుప వంతెన, నది మధ్య లంకలో సాధ్ బేలో గుడి ఉన్నాయి. పడవలో గుడికి వెళ్తే హిందూ పూజారులు మీరెక్కడి వాళ్లని ఆప్యాయంగా అడిగి ప్రసాదం పెట్టారు.

సుక్కూర్ నుంచి రావల్పిండికి మోటర్‌వే మీద బస్సు. దూరం ఎక్కువే గానీ సీట్లు, రోడ్డు బాగున్నాయి. రావల్పిండిలో భుట్టోని ఉరితీసిన జైలు ఇప్పుడు లేదు, కూల్చేసి జిన్నా పార్క్ చేశారు. సుప్రీంకోర్టు 4-3 తేడాతో ఖాయం చేసిన శిక్ష అది. ఆయనకు న్యాయమైన విచారణ జరగలేదని 2024 మార్చిలో అదే కోర్టు చెప్పింది. బేనజీర్‌ని 2007 డిసెంబర్ 27న చంపింది లియాఖత్ బాగ్ బయట, అదీ అదే ఊళ్లో. రెండూ కలిపి ఒక పూట చాలు. ఆ ఒక్క పని కోసమైతే అంత దూరం బస్సు ఎక్కొద్దు, ఇస్లామాబాద్ నుంచి విమానం ఎక్కేవాళ్లు మాత్రం చూసి వెళ్లొచ్చు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. ఏప్రిల్ 4న, డిసెంబర్ 27న గఢీ ఖుదా బఖ్ష్‌కి దేశమంతటి నుంచి బస్సులు వస్తాయి. సమాధి దగ్గర ప్రశాంతంగా నిలబడాలంటే ఆ వారాలు తప్పించుకోండి. ఆ జనసముద్రాన్నే చూడాలనుకుంటే సుక్కూర్‌లో గది చాలా ముందుగా మాట్లాడుకోండి, లర్కానాలో అప్పుడు మంచం కూడా దొరకదు.