ఫ్రాన్స్ కుట్రలు తెలియాలంటే ఉత్తరాలా, జ్ఞాపకాలా?

1789 విప్లవం తర్వాతి తెరవెనుక రాజకీయం చదవాలంటే ముందు ఏది పట్టుకోవాలి?

నమ్మకం: 1797 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ జనరల్ మోరో సైన్యానికి, ఆస్ట్రియా సైన్యంలో ఉన్న జనరల్ క్లింగ్లిన్ ఉత్తరాలు చిక్కాయి. మరో ఫ్రెంచ్ జనరల్ పిషెగ్రూ రాచపక్షంతో సాగించిన మంతనాలు వాటిలో ఉన్నాయి. రేపేమవుతుందో రాసినవాళ్లకే తెలియదు, వాటి బలం అదే. మోరో వాటిని నెలల తరబడి దాచాడు. ఆ మౌనం కూడా నాకు సాక్ష్యమే.
అప్పటి ఫ్రాన్స్ ప్రభుత్వాన్ని నడిపిన ఐదుగురిలో ఒకరైన బర్రాస్ జ్ఞాపకాలు ఆయన పోయిన 60 ఏళ్లకు పైగా గడిచాక, 1895-96లో అచ్చయ్యాయి. నెపోలియన్ మీద కోపం దాచుకోలేదు.

శ్రమ: ఉత్తరాల నిండా మారుపేర్లు, సగం సగం మాటలు. జ్ఞాపకాలు కథలా సాగుతాయి.

మనుషులు, సంఘటనల వరస తెలియకపోతే బర్రాస్‌తో మొదలుపెట్టండి. ఎవరు ఎవరితో బేరమాడారో రుజువు కావాలంటే మాత్రం ఉత్తరాలే.