సీఎన్‌సీ మోటార్ డ్రైవర్: కిట్ తెచ్చి సోల్డర్ చేసుకోవాలా, రెడీమేడ్ కొనాలా? ఏది మేలు?

మా మేనల్లుడు కంచరపాలెం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ఇంట్లో చిన్న సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కే యంత్రం) కడుతున్నాడు. ప్లేట్లకు గాజువాక ఆటోనగర్‌లో రంధ్రాలు వేయించుకున్నాడు. ఎక్స్, వై యాక్సిస్‌లకు (అడ్డం, నిలువు కదలికలకు) నీమా 23 స్టెప్పర్ మోటార్లు, జెడ్‌కి (పైకీ కిందికీ) నీమా 17 తెచ్చుకున్నాడు. స్టెప్పర్ అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటార్, నీమా పక్కన అంకె దాని సైజు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, “మామయ్యా, డ్రైవర్ బోర్డు కిట్ తెచ్చి నేనే సోల్డర్ చేసుకోనా, రెడీమేడ్ కొనేయనా?” అని అడిగాడు. డ్రైవర్ అంటే కంట్రోలర్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని బట్టి మోటార్‌కి కావలసినంత కరెంటు పంపే బోర్డు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదది. వాడికి చెప్పిందీ, చెప్పడం మరిచిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వాడి ముందు నిజానికి మూడు దారులున్నాయి. ఒకటి, ఎల్‌297 (స్టెప్పుల క్రమం చూసేది), ఎల్‌298 (మోటార్‌కి కరెంటు ఇచ్చేది) చిప్‌లతో వచ్చే పాతకాలం కిట్: ఖాళీ బోర్డు, ఒక కవర్లో విడిభాగాలు. రెండోది, ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద సీఎన్‌సీ షీల్డ్ అనే మరో బోర్డు పెట్టి, దాని సాకెట్లలో ఏ4988, డీఆర్‌వీ8825, టీఎంసీ2209 లాంటి గోరంత మాడ్యూళ్ళు గుచ్చడం. మూడోది, టీబీ6600 పేరుతో అమ్మే బాక్స్ డ్రైవర్, యాక్సిస్‌కి ఒకటి చొప్పున.

చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు. నేను మోటార్ మీద ఉన్న స్టిక్కర్ దగ్గర మొదలుపెట్టమంటాను. వాడి నీమా 23 మీద 2.8 ఆంపియర్లు అని ఉంది. ఏ4988 చిప్‌కి కాగితం మీద 2 ఆంపియర్లు పరిమితి. హీట్ సింక్ (వేడి లాగేసే లోహపు ముక్క) లేకుండా ఒక ఆంపియర్ దాటితేనే వేడికి అల్లాడుతుంది. డీఆర్‌వీ8825 కాస్త నయం, ఒకటిన్నర వరకు తట్టుకుంటుంది. ఫ్యాన్ పెట్టినా దాని హద్దు రెండున్నరే. అంటే ఎక్స్, వై విషయంలో రెండో దారి అక్కడే మూసుకుపోయింది. కిట్‌లోని ఎల్‌298 కూడా ఒక్కో కాయిల్‌కి (మోటార్ లోపలి తీగచుట్టకి) 2 ఆంపియర్ల చిప్పే. పైగా అది పాత రకం ట్రాన్సిస్టర్లతో చేసింది కాబట్టి 2 ఆంపియర్ల దగ్గర 4.9 వోల్టుల దాకా తనే మింగేస్తుంది. అంటే ఒక్కో కాయిల్‌కి దాదాపు 10 వాట్లు వేడి కింద పోవచ్చు. మన వైజాగ్ మే నెల మధ్యాహ్నం, ఉక్కపోతలో, ఫ్యాన్ లేని డబ్బాలో దాన్ని ఊహించుకోండి.

కాబట్టి ఎక్స్, వైలకు బాక్స్ డ్రైవరే. టీబీ6600 తరహా బాక్స్‌లు 4 ఆంపియర్ల వరకు అని అమ్ముతారు, 9 నుంచి 42 వోల్టులు తీసుకుంటాయి. కరెంటు ఎంతో మూత మీద అచ్చువేసిన పట్టిక చూసి చిన్న స్విచ్‌లతో పెట్టుకోవడమే. సిగ్నల్ వైపు ఆప్టో కప్లర్లు (వెలుతురుతో సిగ్నల్ దాటించి రెండు వైపుల్నీ విడిగా ఉంచేవి) ఉంటాయి కాబట్టి మోటార్ వైపు ఏదైనా తేడా వచ్చినా ఆర్డునో దాకా పాకే అవకాశం తక్కువ. 24 వోల్టులకు బదులు 36 వోల్టుల సప్లై ఇస్తే మోటార్ వేగంలోనూ బలం నిలబెట్టుకుంటుంది. కాయిల్‌లో కరెంటు త్వరగా ఎక్కడానికి ఆ వోల్టేజే కారణం.

ఇక జెడ్ యాక్సిస్. నీమా 17 కాబట్టి ఇక్కడ మూడు దారులూ తెరిచే ఉన్నాయి, అసలు పోటీ ఇక్కడే.

మాడ్యూల్ సులువు. ఒక్క బాక్స్ డ్రైవర్ ధరకి మూడు నాలుగు ఏ4988లు వస్తాయి, డ్రాయర్లో ఒకటి అదనంగా పెట్టుకుంటే పోయినప్పుడు పీకి మార్చేయొచ్చు. కానీ గుచ్చే ముందు రెండు పనులు తప్పవు. ‘ఈఎన్’ అని రాసిన మూల షీల్డ్ మీద ‘ఈఎన్’ ఉన్న చోటే రావాలి. డీఆర్‌వీ8825లో కరెంటు పెట్టేందుకు తిప్పే చిన్న స్క్రూ ఏ4988కి ఎదురు కొసన ఉంటుంది, అది చూసి గుచ్చితే తలకిందులవుతుంది, చిప్ పోతుంది. రెండోది కరెంటు పెట్టడం. ఏ4988 పక్కన రెండు చిన్న నల్ల రెసిస్టర్లుంటాయి. భూతద్దంతో చూడండి. ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్. అప్పుడు ఒక ఆంపియర్ కావాలంటే స్క్రూ దగ్గర 0.8 వోల్టులు రావాలి. ఆర్068 అని ఉంటే అదే ఆంపియర్‌కి 0.54 చాలు. నెట్‌లో ఎవరో చెప్పిన అంకె గుడ్డిగా పెట్టేస్తే మోటార్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, లేదంటే స్టెప్పులు మిస్సవుతుంది. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట పని చేసేవాళ్ళైతే నాలుగు డబ్బులు ఎక్కువైనా టీఎంసీ2209 తీసుకోండి. ఏ4988 కీచుమంటుంది. టీఎంసీ2209తో నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటార్ చప్పుడు దాదాపు వినిపించదు.

మరి ఇంత సులువుంటే కిట్ ఎందుకు? పనితీరులో కిట్ గెలవదు, ఆ మాట దాచను. ఎల్‌297 ఫుల్ స్టెప్, హాఫ్ స్టెప్ మాత్రమే ఇస్తుంది. 200 స్టెప్పుల మోటార్‌కి చుట్టుకి 400. ఒక్క చుట్టుకి 8 మిల్లీమీటర్లు ముందుకెళ్ళే టీ8 స్క్రూ (మోటార్‌తో తిరిగి యాక్సిస్‌ని కదిపే పొడుగాటి మర) మీద మిల్లీమీటర్‌కి 50 స్టెప్పులు. ఒక్కో స్టెప్‌ని పదహారు ముక్కలు చేసే ఏ4988 పదహారో వంతు మోడ్‌లో అదే స్క్రూ మీద 400 వస్తాయి. అంత ఖచ్చితత్వం చేతికి రాదు గానీ కదలిక మాత్రం నునుపుగా ఉంటుంది. కొన్ని వేగాల దగ్గర హాఫ్ స్టెప్ మోటార్ గడగడలాడుతుంది.

కిట్ గెలిచేది పాడైనప్పుడు.

మాది పెదవాల్తేరు, సముద్రం కూతవేటు దూరం. నా మెషిన్ మీద వై యాక్సిస్ బాక్స్ డ్రైవర్ ఒకరోజు నేమ్‌ప్లేట్ సగం చెక్కాక ఆగిపోయింది. తప్పు నాదే. మోటార్ తీగల కొసలకు సోల్డర్ పూసి స్క్రూ టెర్మినల్లో బిగించాను. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి రోజులు గడిచేకొద్దీ అణిగిపోయి బిగువు సడలింది. తీగ బయటికి తీస్తే రాగి పోగులకు పచ్చగా చిలుము పట్టి ఉంది, ఉప్పుగాలి చేసిన పని. నడుస్తున్న మోటార్ తీగ వదులై తెగి కలుస్తుంటే కాయిల్ నుంచి వచ్చే వోల్టేజ్ దెబ్బకి డ్రైవర్ పోయింది. మూత విప్పి చూశాను. లోపల చిప్ కాళ్ళు దువ్వెన పళ్ళకన్నా సన్నం, మామూలు ఐరన్‌తో ముట్టుకునే పని కాదు. కొత్తది వచ్చేదాకా మెషిన్ ఖాళీగా కూర్చుంది. అప్పటినుంచి తీగ కొసలకు సోల్డర్ పూయడం మానేసి క్రింప్ గొట్టాలు (తీగ కొసకి తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టాలు) వేస్తున్నాను. పవర్ ఉండగా మోటార్ తీగ పీకడం ఎంత ప్రమాదమో వదులు టెర్మినల్ కూడా అంతే ప్రమాదం.

అదే ఎల్‌298 అయితే 15 కాళ్ళూ కంటికి కనిపిస్తాయి. పోతే మొత్తం చిప్‌ని ఒకేసారి పీకబోకండి, ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) లేచిపోతుంది. కట్టర్‌తో కాళ్ళు ఒక్కొక్కటీ తెంపి చిప్ తీసేసి, మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటే వేడిచేసి పట్టకారుతో లాగితే బోర్డు చెక్కుచెదరదు. గంటలో కొత్త చిప్ కూర్చుంటుంది.

కిట్‌ని సరిగ్గా పెట్టుకోవడం మాత్రం ఓపిక పని. ముందు పొట్టి భాగాలు, తర్వాత పొడుగువి. ఎల్‌298ని మొదట హీట్ సింక్‌కి స్క్రూ బిగించాకే సోల్డర్ చేయాలి, లేకపోతే బిగించేటప్పుడు కాళ్ళ మీద లాగుడు పడుతుంది. దాని చుట్టూ వచ్చే ఎనిమిది డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) ఫాస్ట్ రికవరీవే, అంటే ఎదురు కరెంటుని త్వరగా ఆపేవే అయి ఉండాలి. కిట్‌లో ఒకటి తగ్గిందని డబ్బాలో ఉన్న 1ఎన్4007 పెట్టేయకండి, అది ఈ పనికి నిదానం. ఎల్‌297కి సాకెట్ వేయండి. చిప్ గుచ్చకుండా పవర్ ఇచ్చి సాకెట్ 12వ కాలు, 2వ కాలు మధ్య 5 వోల్టులు ఉన్నాయో లేదో మీటర్‌తో చూడండి. ఆ తర్వాతే చిప్. 15వ కాలి మీద వోల్టేజే కరెంటుని నిర్ణయిస్తుంది. కరెంటు కొలిచే సెన్స్ రెసిస్టర్లు అర ఓమ్ అయితే అక్కడ అర వోల్టు అంటే కాయిల్లో ఒక ఆంపియర్.

చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో ఫ్లక్స్ (సోల్డర్ బాగా అతకడానికి వాడే పదార్థం) మడ్డి మొత్తం కడిగేయాలి. మన ఊళ్ళో ఇది ఐచ్ఛికం కాదు. ఆ జిగురు తేమని పట్టుకుని ట్రాకుల మధ్య లీకేజీ తెస్తుంది. ఆరాక టెర్మినళ్ళు, సాకెట్, ప్రీసెట్ (కరెంటు సర్దే తిప్పుడు స్క్రూ), హీట్ సింక్ వదిలి మిగతా చోట అక్రిలిక్ కోటింగ్ పల్చగా కొట్టండి.

కిట్లలో టీబీ6560 రకం కూడా కనిపిస్తుంది, 3 ఆంపియర్లది. కరెంటు పోయి వచ్చే ఇళ్ళలో దాన్ని నేను వద్దంటాను. చిప్‌కి 5 వోల్టులు ముందు రావాలి, మోటార్ వోల్టేజ్ తర్వాత రావాలి. ఆ క్రమం తప్పితే చిప్ కాలిపోవచ్చు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు రెండు సప్లైల్లో ఏది ముందు లేస్తుందో మన చేతిలో ఉండదు.

మేనల్లుడికి చివరికి చెప్పింది ఇది: ఎక్స్, వైలకు రెండు బాక్స్‌లు కొను, జెడ్‌కి కిట్ పెట్టు. షీల్డ్ మీది స్టెప్, డైరెక్షన్ పిన్నుల నుంచే మూడింటికీ తీగలు లాగొచ్చు. జెడ్ మోటార్ వేగం తక్కువ, ఎల్‌298 బలహీనత అక్కడ పెద్దగా తెలియదు. ఆర్డర్లు తీసుకుని వెంటనే పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకైతే ఇదే సలహా ఇవ్వను. వాళ్ళు జెడ్‌కి కూడా మాడ్యూల్ గుచ్చేసుకోవడమే మేలు. వీడికి ఇంకా చదువు ఉంది, టైమ్ ఉంది.

నిన్న రాత్రి ఫోటో పంపాడు. డయోడ్లు ఎనిమిదీ వరుసగా ఉన్నాయి, ఒక్కదాని దిశ చూపే గీత మాత్రం అటువైపు తిరిగి ఉంది. పవర్ ఇవ్వకురా, ముందు అది తిప్పు అని మెసేజ్ పెట్టాను.