హైబ్రిడ్ కారు, నిండా సామాను, శ్రీశైలం ఘాట్

శ్రీశైలంలో పుట్టువెంట్రుకల మొక్కంటే మనుషులకన్నా సామానే ఎక్కువ. మాది టయోటా హైరైడర్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే కారు, దాని బ్యాటరీ వెనకే ఉండటంతో డిక్కీ మామూలు పెట్రోల్ మోడల్ కంటే బాగా చిన్నది. కడ్తాల్ దగ్గర పొలంలో మా బావమరిదికి జీపు వెనక తగిలించే చిన్న ట్రైలర్ ఉంది, "దాన్నే కట్టుకొని పోదాం బావా, ఏమైతది" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే బయట హుక్కు బిగిస్తే వారంటీ సంగతి మమ్మల్ని అడగొద్దన్నారు. కారుతో వచ్చే కొక్కెం మన బండి ఆగిపోతే లాగించుకోవడానికే, ఇంకోదాన్ని లాగడానికి కాదు. పైగా ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో తమ హైబ్రిడ్ కారు ప్రియస్‌కే ట్రైలర్ కట్టొద్దని టయోటా మాన్యువల్‌లో రాస్తుంది, మనదెంత.

చివరికి పైన క్యారియర్ వేసి బట్టల సూట్‌కేసులు ఎక్కించాం, గిన్నెలు సత్రంలోనే అద్దెకు తీసుకున్నాం. ఇదే మంచి పని.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. అందుకే తెల్లవారుజామున తుక్కుగూడ దాటేసి, కల్వకుర్తిలో పెట్రోలు, టిఫిను కానిచ్చాం. అడవిలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎక్కుడు గురించి అందరూ భయపెడతారు గానీ అది పెద్ద సమస్య కాదు, ఇంజిన్, మోటారు కలిసి లాగేస్తాయి, కాస్త అరుస్తుందంతే. అసలు సంగతంతా ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో. బ్రేక్ తొక్కినప్పుడల్లా బ్యాటరీ కాస్త ఛార్జ్ అవుతుంది, కానీ దాని కెపాసిటీ ముప్పావు యూనిట్ కరెంటు మాత్రమే, సగం దిగేసరికే నిండిపోతుంది. ఆ తర్వాత కరెంటు పోవడానికి చోటుండదు కాబట్టి పెట్రోలు కాల్చకుండానే ఇంజిన్ గిర్రున తిరిగి బండి వేగం తగ్గిస్తుంది. ఆ మోతకి అత్తయ్య "బండికేమైంది బాబూ" అని ఒకటే టెన్షన్. ముందే గేరు 'బీ'లో (దిగుడులో ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) వేసుకుని నిదానంగా దిగాలి. ఇదే దిగుడులో వెనక నుంచి బ్రేకుల్లేని ట్రైలర్ నెడుతూ ఉంటే ఎలా ఉంటుందో బావమరిదే ఊహించుకుని, ఇక ఆ మాట ఎత్తలేదు.

బస విషయానికొస్తే, మేం దిగిన సత్రంలో వంటకి చోటు, గిన్నెలు బాగానే దొరికాయి. గీజర్ మాత్రం గోడకి అలంకారం, వేడినీళ్లు బకెట్ లెక్కన కొనుక్కున్నాం. వంట పని లేకపోతే దేవస్థానం వాళ్ల గంగా సదన్, గౌరీ సదన్ గదులు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం నయం. పెద్దవాళ్లుంటే, పార్కింగ్ కోసం తిరిగే ఓపిక లేకపోతే టూరిజం వాళ్ల హరిత హోటల్ చూడండి.

పాతాళగంగకి మెట్లు వద్దు, రోప్‌వే ఎక్కండి. అడవిలో ఉన్న మల్లెలతీర్థం జలపాతం మాత్రం వదిలేశాం, వానలు పడకముందు అక్కడ నీళ్లే ఉండవు, మెట్లెక్కి రావడమే మిగులుతుంది.